ఫాఫ్సా వెరిఫికేషన్: నాన్నగారు రిటర్ను సవరించారు, ఇప్పుడేం పంపాలి?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. అందరికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. ఈ ఆగస్టులో స్టేట్ యూనివర్సిటీలో చేరుతున్నాను. 2025-26కు ఫాఫ్సా (కాలేజీ ఆర్థిక సాయానికి పెట్టే ఫెడరల్ దరఖాస్తు) నింపాక, నన్ను వెరిఫికేషన్‌కు, అంటే వివరాల తనిఖీకి, ఎంపిక చేశారంటూ కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. కుటుంబ సభ్యుల వివరాల ఫారం, 2023 పన్ను కాగితాలు అడిగారు. గుంటూరు బ్యాంకులోని ఎన్ఆర్ఈ (ప్రవాస భారతీయుల ఖాతా) డిపాజిట్ల వడ్డీ మొదట చూపలేదని నాన్నగారు ఆ ఏటి రిటర్నును తర్వాత సవరించారు. ఈ మార్చిలో ఆయన ఉద్యోగం పోయింది. విజిటర్ వీసా మీద వచ్చిన మామ్మ కూడా మా దగ్గరే ఉన్నారు. 300 డాలర్లు ఇస్తే అంతా తానే చూసుకుంటానని తెలిసినాయన ఒకరు అంటున్నారు. ఇవ్వమంటారా?

జవాబు: వద్దు, ఆ డబ్బు పుస్తకాలకు దాచుకోండి. ఫాఫ్సాకు గానీ వెరిఫికేషన్‌కు గానీ ఫీజంటూ లేదు. పైగా ఆయన పని మొదలుపెట్టాలంటే మీ ఫాఫ్సా ఖాతా పాస్‌వర్డ్ అడుగుతారు. ఆ ఖాతాతో పడే ప్రతి సంతకానికీ మీరే జవాబుదారీ కాబట్టి దాన్ని ఇంట్లోవాళ్లకు కూడా ఇవ్వకూడదు.

మీ మీద అనుమానం వచ్చి మెయిల్ పంపారనుకోకండి. కొన్ని దరఖాస్తులను ఫెడరల్ విద్యాశాఖ కంప్యూటర్ ఎంచుతుంది, కొన్నింటిని కాలేజీయే ఎంచుతుంది. నష్టం వచ్చేది తాత్సారం వల్లనే. ఇది తేలేదాకా పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం) వంటివి సాధారణంగా మీ బిల్లులో జమ కావు. 2025-26లో పెల్ గరిష్ఠంగా 7,395 డాలర్లు.

మీ విషయంలో అసలు మెలిక సవరించిన రిటర్ను. మామూలుగా అయితే తల్లిదండ్రుల సమ్మతితో ఆదాయ వివరాలు ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి నేరుగా ఫాఫ్సాలోకి వచ్చేస్తాయి, వాటికి మళ్లీ రుజువులు అక్కర్లేదు. సవరణ ఉన్నప్పుడు ఐఆర్ఎస్‌కు పంపిన 1040-ఎక్స్ ఫారం (రిటర్ను సవరణకు వాడేది) కాపీని, సంతకంతో సహా, విడిగా ఇవ్వాలి. దానితోపాటు టాక్స్ రిటర్న్ ట్రాన్స్‌క్రిప్ట్ (దాఖలు చేసిన రిటర్నులోని అంకెల పట్టిక) కూడా అడిగితే, ఐఆర్ఎస్ సైటులో నాన్నగారి ఖాతా నుంచి ఉచితంగా దించుకోవచ్చు. అక్కడే అకౌంట్ ట్రాన్స్‌క్రిప్ట్ అని ఇంకొకటి ఉంటుంది. పేరు చూసి పొరపడి అది పంపేసి, చెల్లదన్న సంగతి వారాల తర్వాత తెలుసుకునేవాళ్లు ఏటా తగులుతూనే ఉంటారు. సంతకం దగ్గరా ఇదే తంతు. పన్నులు వేసిపెట్టినవారు పంపే పీడీఎఫ్‌లో సంతకం గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. ప్రింటు తీసి, పెన్నుతో సంతకం చేయించి, పేజీలన్నీ ఒకే ఫైలుగా స్కాన్ చేయండి. దుప్పటి మీద పరిచి ఫోనుతో తీసిన ఫోటోలో అంచున అంకె తెగిపోయినా మళ్లీ మొదటికొస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి మీరు అడగలేదు, నేనే అడుగుతాను: ఫాఫ్సాలో తల్లిదండ్రుల ఆస్తుల దగ్గర ఆ డిపాజిట్లు చూపించారా? ఎన్ఆర్ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా అమెరికాలో ఉంది. సవరించిన రిటర్నులో వడ్డీ కనిపిస్తూ, ఫాఫ్సాలో పొదుపు సున్నా అని ఉంటే కాలేజీ తప్పక ఆరా తీస్తుంది. రెండూ పొసగకపోతే తేల్చాల్సిన బాధ్యత వాళ్లది. నాన్నగారి పేరున ఇండియాలో స్థలం గానీ అద్దె ఇల్లు గానీ ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది. మీరు నివసించే సొంత ఇల్లు, 401కె వంటి రిటైర్మెంట్ ఖాతాలు రావు. వదిలేసి ఉంటే కాలేజీ అడగకముందే సరిదిద్దండి. అయితే వేయాల్సింది ఫాఫ్సా మీద సంతకం చేసిన రోజున ఉన్న విలువ. ఉద్యోగం పోయాక డిపాజిట్లు కరిగిపోయాయని ఇప్పటి నిల్వ వేయకూడదు.

మామ్మను కుటుంబ సభ్యుల ఫారంలో రాయకండి. మీ అమ్మానాన్నలతో నివసిస్తూ, జూలై 1 నుంచి జూన్ 30 దాకా సగానికి పైగా పోషణకు వాళ్ల మీదే ఆధారపడేవారిని లెక్కించాలి. కొన్ని నెలలుండి తిరిగి వెళ్లే విజిటర్ అందులోకి రారు.

ఉద్యోగం పోయిన సంగతి వేరే ఫైలు. ఫాఫ్సా చూసేది 2023 ఆదాయాన్ని కాబట్టి మార్చిలో జరిగింది దానికి తెలియదు. అంకెలు మార్చి చెప్పే ప్రయత్నం చేయకుండా, ముందు వెరిఫికేషన్ ముగించి, ఆ వెంటనే ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ (మారిన పరిస్థితిని బట్టి కాలేజీ ఎయిడ్ లెక్కను సవరించడం) కోరుతూ దరఖాస్తు పెట్టండి. ఉద్యోగం తీసేసిన లేఖ, ఆఖరి జీతం చీటీ, నిరుద్యోగ భృతి కాగితాలు, సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే పరిహారం) వచ్చి ఉంటే ఆ వివరం జత చేయండి. నిర్ణయం కాలేజీదే, దాని మీద విద్యాశాఖకు అప్పీలు లేదు. అందుకే ఉత్తరం ఒక పేజీలో, తేదీలతో, మొరలు లేకుండా ఉండాలి.

కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు ఫోను చేయాల్సింది కూడా మీరే. మీ అనుమతి లేకుండా నాన్నగారికి మీ ఫైలు వివరాలు చెప్పకపోవచ్చు, గోప్యత చట్టం అలాంటిది. కాగితాలు అందాయా అని కాకుండా, సరిపోయాయా అని అడగండి. పోర్టల్‌లో 'అందింది' అని కనిపించినంత మాత్రాన ఎవరో చదివినట్టు కాదు. ఫీజు గడువు ముంచుకొస్తుంటే, ఎయిడ్ తేలేదాకా ఆలస్య రుసుము, తరగతుల రద్దు లేకుండా ఆపమని బర్సర్ (ఫీజులు చూసే) ఆఫీసును ఈమెయిల్‌లో కోరండి.

పనిలో పనిగా న్యూజెర్సీ రాష్ట్ర గ్రాంట్ ట్యాగ్ సంగతీ చూసుకోండి. దాన్ని చూసే రాష్ట్ర సంస్థ హెచ్ఈఎస్ఏఏ, కాలేజీతో సంబంధం లేకుండా విడిగా కాగితాలు అడగవచ్చు, గడువులూ దానివి దానికే. వాళ్ల సైటులోని మీ ఖాతా ఈ వారమే తెరవండి.