కాలేజీ దగ్గర ఇంటిల్లిపాదీ భోజనం: మీ ప్రశ్నలు, మా జవాబులు

చదువుకునే పిల్లల్ని చూడటానికో, చేర్పించడానికో కుటుంబమంతా బయల్దేరుతుంది. తీరా వెళ్తే అక్కడి హోటళ్లన్నీ కుర్రకారు కోసం పెట్టినవి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ ఇబ్బంది గురించే.

ప్రశ్న: అమ్మాయిని కాలేజీలో చేర్పించడానికి వెళ్తున్నాం. మాతోపాటు అత్తగారు, నాలుగేళ్ల బాబు. ఫోన్‌లో చూస్తే చుట్టుపక్కల హోటళ్లన్నీ నాలుగు స్టార్లకు పైనే. మాకు పనికొచ్చేది ఏదో తేల్చేదెలా?

జవాబు: ముందు ఆ స్టార్లు ఎవరిచ్చారో గుర్తుంచుకోండి. విద్యార్థులు చూసేది ధర తక్కువా, కడుపు నిండుతుందా, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటుందా అని. వీపు లేని స్టూళ్లున్నా, చేయి కడుక్కోవడానికి పై అంతస్తుకు ఎక్కాల్సి వచ్చినా వాళ్లు మార్కులు తగ్గించరు. మీ అత్తగారికీ బాబుకీ లెక్కలోకి వచ్చేవి సరిగ్గా అవే.

కాబట్టి మొత్తం మార్కు వదిలేసి, రివ్యూల్లో కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోండి. పిల్లలు, అమ్మానాన్న, మెట్లు, టాయిలెట్, పార్కింగ్ అనే మాటలు వెతకండి. రెండు, మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు రాసింది ముందు చదవండి. ఒక స్టార్ ఇచ్చినవాళ్లు కోపం మీద రాస్తారు, అయిదు ఇచ్చినవాళ్లు చాలాసార్లు ఏమీ రాయరు. 'ఆలస్యం చేశారు' అన్నది ఏ వేళ సంగతో చూడాలి. 'కడుపు పాడైంది' అని ఒకే నెలలో ఇద్దరు ముగ్గురు రాస్తే ఆ పేరు కొట్టేయండి. ఏడాది దాటిన రివ్యూలను పెద్దగా నమ్మొద్దు. ఇలాంటి చోట్ల వంటవాళ్లూ యజమానులూ మారిపోతుంటారు, బోర్డు మాత్రం అదే ఉంటుంది.

ఫొటోల్లో హోటల్ వాళ్లు పెట్టినవి కాక, తిన్నవాళ్లు తీసినవి చూడండి. వంటకం మీద కన్నా వెనకాల కనిపించే వాటి మీద దృష్టి పెట్టండి: కుర్చీలకు వీపు ఉందా, టేబుళ్ల మధ్య మనిషి నడిచేంత సందు ఉందా, గుమ్మం ముందు మెట్లెన్ని.

దూరం దగ్గర చాలామంది పొరబడతారు. కాలేజీ పేరు కొడితే యాప్ దూరం కొలిచేది ఆవరణ మధ్యలో ఎక్కడో ఉన్న గుర్తు నుంచి. మీరు బయటికొచ్చేది ఏ గేటు నుంచో, ఆ గేటు మీద గుర్తు పెట్టి కొలవండి. 800 మీటర్లు పెద్దవాళ్లకు పది నిమిషాల నడక. చిన్నపిల్లాడు, పెద్దావిడ కలిసి నడిస్తే ఇరవై వేసుకోండి.

రెండు మూడు పేర్లు మిగిలాక ఫోన్ చేయండి. 'పిల్లలకు బాగుంటుందా?' అంటే బాగుండదని ఎవరూ అనరు. అంకెలో జవాబు వచ్చేలా అడగాలి: పిల్లలు కూర్చునే ఎత్తు కుర్చీలు ఎన్ని, లోపలికి ఎన్ని మెట్లు, కారం లేకుండా వండిపెట్టేవి ఎన్ని, ఆర్డర్ చెప్పాక ఎన్ని నిమిషాలు. టాయిలెట్ అదే అంతస్తులో ఉందా అని కూడా. తడుముకోకుండా చెప్పగలిగితే కుటుంబాలు రావడం వాళ్లకు అలవాటే అనుకోవచ్చు.

ప్రశ్న: ఎప్పుడు వెళ్లినా జనమే. పిల్లలు ఆకలికి ఏడుపు అందుకుంటారు. ఏ టైమ్‌కి వెళ్లాలి?

జవాబు: కాలేజీ పక్క హోటల్‌కి గడియారం కాలేజీ బెల్లే. క్లాసు వదిలిన పది నిమిషాలకు జనం ఒక్కసారిగా వచ్చి పడతారు. మధ్యాహ్నం 12:30కి క్లాసులు వదులుతాయంటే మీరు 11:45కల్లా కూర్చుని ఉండాలి. మీరు తిని లేచేసరికి గుంపు గుమ్మంలో ఉంటుంది. అందరి ఆర్డరూ ఒకేసారి చెప్పేయండి. రద్దీలో తట్టుకోలేనిది టేబుళ్లు కాదు, పొయ్యి. రెండోసారి చెప్పింది పాతిక ఆర్డర్ల వెనక్కి పోతుంది.

ఆలస్యమై రద్దీలోనే చిక్కుకుంటే నిలబడేముందు ఓ చిన్న లెక్క వేయండి. 12 టేబుళ్లు, ఒక్కో జట్టు 40 నిమిషాలు కూర్చుంటే, సుమారు మూడు నిమిషాల ఇరవై సెకన్లకు ఒక టేబుల్ ఖాళీ అవుతుంది. మీకంటే ముందు ఆరు జట్లుంటే మీ వంతు రావడానికి 20 నిమిషాలు దాటుతుంది. మీరు ఆరుగురై పక్కపక్కనే రెండు టేబుళ్లు కావాలంటే ఈ లెక్క పనిచేయదు, ఆ రెండూ ఒకేసారి ఖాళీ అవ్వాలి కదా. అప్పుడు వేరే చోటు చూసుకోవడమే నయం.

గుంపు వెళ్లిపోయాక తీరిగ్గా తిందామన్నది పైకి తెలివైన ఆలోచనే. ఆ వేళకు సగం వంటకాలు అయిపోతాయి, మిగిలినవి ఎప్పటినుంచో గిన్నెల్లో ఉన్నవి. ఎందుకు జాగ్రత్తపడాలో కింద చెప్పాం. సెలవుల్లో, పరీక్షలు ముగిసిన వారంలో చాలా హోటళ్లు మూసేస్తాయి, లేదా నాలుగైదు రకాలతో సరిపెడతాయి. ఆ రోజుల్లో ఫోన్ చేయకుండా వెళ్లొద్దు.

ప్రశ్న: కాలేజీ క్యాంటీన్‌లోకి తల్లిదండ్రుల్ని రానిస్తారా?

జవాబు: కాలేజీని బట్టి ఉంటుంది. మీ అబ్బాయినే కనుక్కోమనండి. రానిస్తారన్నా ఇంకో మాట అడగాలి: డబ్బు తీసుకుంటారా, లేక విద్యార్థి కార్డు మీదే ఇస్తారా? ట్రే పట్టుకుని నలుగురూ నిలబడ్డాక ఈ సంగతి తెలిస్తే చిరాకు.

ప్రశ్న: మనవడి డిగ్రీ పట్టాలిచ్చే సభకి తొమ్మిది మందిమి వెళ్తున్నాం. అందరం ఒకేచోట కూర్చుని తినాలని మావారి కోరిక.

జవాబు: ఆ రోజు ఊళ్లోని ప్రతి కుటుంబానికీ అదే కోరిక ఉంటుంది. తేదీ తెలిసిన రోజే బుక్ చేయండి. నలుగురు కూర్చునే చదరపు టేబుళ్లు రెండు కలిపితే ఎనిమిది మంది పడతారనుకుంటారు. కలిపిన వైపు ఇద్దరి చోటు పోతుంది, కూర్చునేది ఆరుగురే. మూడు కలిపితే ఎనిమిది మంది. తొమ్మిది మందికి నాలుగు టేబుళ్లు కావాలి, అంత పొడుగు వరస చాలా హోటళ్లలో పట్టదు. పక్కపక్క టేబుళ్లలో అయిదుగురు, నలుగురుగా కూర్చోవడానికి ఒప్పుకుంటే చోటు తేలిగ్గా దొరుకుతుంది. ఒకే వరసలో తొమ్మిది మంది కూర్చున్నా ఈ చివరి మాట ఆ చివరికి వినపడదు. మీవారికి అది చెప్పి చూడండి.

బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి: టేబుల్ ఎంతసేపు మనది, ఎంత ఆలస్యమైతే వేరేవాళ్లకు ఇచ్చేస్తారు, ఆ రోజు మామూలు మెనూయేనా, పెద్ద గుంపులకు బిల్లులో అదనంగా ఏమైనా కలుపుతారా. చంటిపిల్లల్ని కూడా తలల లెక్కలో చెప్పండి. ఇలాంటి సభలు చెప్పిన వేళకు ముగియడం అరుదు. తర్వాత ఫొటోలొకటి. ముగింపు వేళకు కనీసం గంటన్నర కలిపి బుక్ చేయండి. అదీ కుదరకపోతే ముందురోజు రాత్రి విందు పెట్టుకోండి, హోటల్ ఖాళీగా, వంటవాడు కుదురుగా ఉంటాడు. ఏ పద్ధతైనా, ముందురోజు ఒకసారి ఫోన్ చేసి ఖాయం చేసుకోవడం మానొద్దు.

ప్రశ్న: హోటల్ శుభ్రంగా ఉందో లేదో కూర్చోకముందే తెలిసే మార్గముందా? మాతో గర్భిణి ఉంది.

జవాబు: నేల మెరుపు చూసి మోసపోవద్దు. చూడాల్సింది వేడి, చల్లదనం, చేతులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇది: వండిన పదార్థం వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు ఉండాలి, వండింది మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. 5కీ 60కీ మధ్యే సూక్ష్మజీవులు చకచకా పెరుగుతాయి. మీ దగ్గర థర్మామీటర్ ఉండదు కాబట్టి గిన్నె మూత తీసినప్పుడు చూడండి. బాగా వేడిగా ఉన్నదాని నుంచి ఆవిరి లేస్తుంది. ఆవిరి లేకుండా, పైన మీగడలా పొర కట్టి ఉంటే అది చాలాసేపటిది. మూతలే లేకుండా వరసగా పెట్టిన బఫే మధ్యాహ్నం మూడింటికి మీకు పనికిరాదు. రద్దీగా ఉండే హోటల్‌కున్న ఒకే ఒక్క మేలు ఇదే, గిన్నెలు త్వరగా ఖాళీ అయి కొత్తవి వస్తుంటాయి.

పచ్చి మాంసం పట్టిన చేత్తోనే, అదే పటకారుతో వండింది తీస్తున్నారా? డబ్బు తీసుకున్న చేయి కడుక్కోకుండా వడ్డిస్తోందా? చేతులు కడిగే చోట సబ్బు ఉందా? సబ్బు లేదంటే అక్కడ పనిచేసేవాళ్లకీ లేనట్టే. వేయించే నూనె నల్లబడి, నురగ కట్టి, పొగ వస్తుంటే వేపుళ్లు వదిలేయండి. గర్భిణులకు, అయిదేళ్లలోపు పిల్లలకు, వృద్ధులకు అప్పటికప్పుడు పొయ్యి మీద వండినది చెప్పండి. పచ్చి కూరగాయల ముక్కలు, సగం ఉడికిన గుడ్లు, మాంసం, కాచని పాలతో చేసినవి గర్భిణికి వద్దు.

కడుపు పాడైతే చివరగా తిన్న హోటల్‌నే తిట్టడం మనకు అలవాటు. అన్నిసార్లూ తప్పు దానిది కాదు. కారణం సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అయితే తిన్న 6 గంటల నుంచి 6 రోజుల లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి 12 నుంచి 48 గంటలు పడుతుంది. తిన్న గంటా రెండు గంటలకే వాంతులైతే మాత్రం ఆ పూట తిన్నదాన్నే అనుమానించాలి.

ప్రశ్న: మా బాబుకు వేరుశనగ పడదు. 'వేయకుండా చేస్తాం' అంటే చాలా?

జవాబు: చాలదు. వేయకపోయినా అదే నూనెలో అంతకుముందు వేరుశనగ వేసినవి వేయించి ఉండొచ్చు, అదే గరిటె, అదే మిక్సీ జార్ వాడి ఉండొచ్చు. వేడికి ఆ గుణం పోదు. పైన చల్లినవి ఏరేసి పెట్టినా లాభం లేదు. వెయిటర్‌తో కాక వంటవాడితో మాట్లాడాలి. ఏ నూనె వాడతారు, పొడుల్లో, పచ్చళ్లలో, సాస్‌లలో ఏమున్నాయి, వేరే పెనం వాడగలరా అని అడగండి. రద్దీలో వంటవాడు దేనికైనా తల ఊపుతాడు కాబట్టి ఖాళీ వేళకే వెళ్లండి. 'ఏమో, ఉండొచ్చు' అన్న జవాబు వస్తే లేచి వచ్చేయడమే. తీవ్రమైన అలర్జీ వస్తే వెంటనే ఇచ్చే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ డాక్టర్ రాసి ఉంటే అది కారులో కాదు, మీ సంచిలో, టేబుల్ దగ్గరే ఉండాలి.

ప్రశ్న: తొమ్మిది నెలల పాపను తీసుకెళ్లొచ్చా?

జవాబు: ఆసరా లేకుండా కూర్చుంటుంటే ఎత్తు కుర్చీలో పెట్టొచ్చు. ముందు ఖాళీ కుర్చీని ఊపి చూడండి, దాని కాళ్లు కదలకూడదు. పట్టీలు తెగి ఉంటే ఒళ్లో కూర్చోబెట్టుకోవడమే మేలు. వేడి గిన్నెలు పాప చేయి అందనంత దూరం పెట్టించండి. చంటిపిల్లలు గుడ్డ లాగితే టేబుల్ మీదున్నదంతా వస్తుంది, కాబట్టి గుడ్డ తీయించేయండి. ఏడాది నిండేదాకా తేనె కలిసినవి ఏవీ వద్దు, బోట్యులిజం (నరాలను దెబ్బతీసే జబ్బు) ప్రమాదం. ద్రాక్షపళ్లు పెడితే నిలువునా నాలుగు ముక్కలు చేసి పెట్టండి, అడ్డంగా కోసిన గుండ్రటి ముక్క గొంతుకు అడ్డం పడుతుంది. స్పీకర్‌కి, వంటగది తలుపుకి దూరంగా, గోడ వారగా ఉన్న టేబుల్ అడగండి.