దగ్గే గేదెకు వాపు రాలేదు, టీబీ లేనట్టేనా?

సందేహం: మాకు నాలుగు గేదెలు. పెద్దది రెండు నెలలుగా దగ్గుతూ చిక్కిపోతోంది. డాక్టరుగారు అన్నిటికీ మెడ మీద సూది వేసి మూడో రోజు కొలిచారు. నిగనిగలాడే పడ్డకు బాగా వాచింది, టీబీ అన్నారు. దగ్గే గేదెకు ఏమీ వాయలేదు. దానికి జబ్బు లేనట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
– పాడి రైతు, తెనాలి దగ్గర

సలహా: లేదని అనుకోవద్దండీ. నాకు ఎక్కువ అనుమానం ఆ దగ్గే గేదె మీదే.

పశువుల టీబీకి మూలం మైకోబాక్టీరియం బోవిస్ అనే క్రిమి. ఊపిరితిత్తుల్లోకి చేరగానే ఒంటికి కాపలా కాసే మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగేస్తాయి. వేరే క్రిములు చాలావరకు అక్కడితో చస్తాయి. దీనికి మైనంలాంటి పైపొర ఉంది, మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. అప్పుడు రోగనిరోధక శక్తిలో భాగమైన టీ కణాలు వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థం వదిలి మాక్రోఫేజ్‌లకు బలం ఇస్తాయి. అన్నీ కలిసి క్రిమి చుట్టూ గడ్డ కడతాయి. క్రిమి చావకపోయినా అందులో ఏళ్ల తరబడి అణిగి ఉండగలదు. మీ పడ్డ పైకి బాగున్నది అందుకే కావచ్చు.

సూదిలో వేసింది ట్యూబర్‌క్యులిన్, అంటే క్రిమి నుంచి తీసిన ప్రొటీన్. దానివల్ల జబ్బు రాదు. క్రిమిని ముందే ఎరిగిన టీ కణాలు అక్కడికి చేరి వాపు తెస్తాయి. అందుకు సమయం పడుతుంది కనుకే 72 గంటలకు కొలుస్తారు. అయితే జబ్బు బాగా ముదిరితే ఈ కణాలు స్పందించడం మానేస్తాయి. ఈనిన కొత్తలో, సోకిన తొలి వారాల్లో కూడా వాపు రాకపోవచ్చు. మీ గేదె ఈని ఎన్నాళ్లయిందో రాయలేదు, డాక్టరుగారికి తప్పక చెప్పండి. అదే సూది వెంటనే మళ్లీ వేయిస్తే ఫలితం నమ్మలేం, కనీసం 42 రోజులు ఆగాలి. ఈలోగా రక్తపరీక్ష వీలవుతుందేమో గన్నవరం పశువైద్య కళాశాల వాళ్లను అడగండి.

పడ్డను, దగ్గే గేదెను రెండిటినీ ఇప్పుడే వేరే పాకలో కట్టండి. కుడితి గోలెం కూడా వేరుగా పెట్టండి. దూడకైనా మనుషులకైనా పచ్చిపాలు వద్దు, మరిగించాల్సిందే. మందులతో నయం చేద్దామని చూడకండి. నెలల తరబడి వాడాలి, క్రిమి మొండికేస్తే మనుషులకూ ముప్పే. సంతకు తోలి వేరే రైతు పాకలోకి జబ్బు పంపొద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు మించి దగ్గు ఉంటే ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించండి. గొడ్లలో టీబీ ఉందని అక్కడ చెప్పడం మరవొద్దు. మనుషుల టీబీకి వాడే పైరజినమైడ్ మందు ఈ క్రిమి మీద పనిచేయదు.