నాన్న వీడియోలు చూస్తున్నారు, కాళ్ళ వాపు మళ్ళీ వచ్చింది

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్ళండి, తెనాలి దగ్గర పల్లెటూరు. మూడు నెలల కింద హార్ట్ ఫెయిల్యూర్ అని ఐదు రోజులు హాస్పిటల్లో ఉంచి పంపించారు. నేను హైదరాబాద్‌లో జాబ్, రోజూ ఈ జబ్బు గురించి ఏదో ఒక వీడియో పంపిస్తా, ఆయనా చూస్తారు. కానీ ఒక వీడియోలో ఎవరో రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు తాగితే గుండె క్లీన్ అవుద్దన్నారని అలాగే తాగుతున్నారు, ఇప్పుడు కాళ్ళు మళ్ళీ వాచాయి. ఈ ఆన్‌లైన్ చదువు మాన్పించెయ్యనా? – ఒక పాఠకురాలు

జవాబు: అది తర్వాత చూద్దాం తల్లీ, ముందు ఆ వాపు గురించి ఇవాళే ఆయన్ని చూసే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నా, కొత్తగా రెండు మూడు దిండ్లు కావాల్సొస్తున్నా ఫోన్లతో ఆగకుండా హాస్పిటల్‌కే తీసుకెళ్ళండి.

ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోయిందని కాదు, ఒంటికి కావాల్సినంత రక్తం పంప్ చెయ్యలేకపోతోందని. దాంతో కిడ్నీలు ఉప్పూ నీళ్ళూ బయటికి వదలకుండా పట్టేసుకుంటాయి, అదే కాళ్ళలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరేది, ఇక దాని మీద నాలుగు లీటర్లంటే మీరే చెప్పండి. రోజుకి ఎంత తాగాలో ఆయన డాక్టర్‌నే అడగాలి, అందరికీ ఒకే లెక్క ఉండదు.

వీడియోలు మాన్పించక్కర్లేదు, పంపే పద్ధతి మార్చండి. యూరప్ గుండె డాక్టర్ల సంఘం వాళ్ళ 'హార్ట్ ఫెయిల్యూర్ మ్యాటర్స్' అనే సైట్ ఇంగ్లీష్‌లో ఉంది, అది మీరు చదివి ఒక్కో సంగతీ తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టండి, కూతురి గొంతంటే ఏ నాన్నైనా రెండుసార్లు వింటాడు. మాత్రలు ఆపెయ్యమనేవీ పొడి అమ్మేవీ మాత్రం ఎంత బాగా మాట్లాడినా డిలీటే. ఇంకోటి, 'చూశారా నాన్నా' అని అడిగితే చూశాననే అంటారు, 'మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఏం చేస్తారు?' అని అడగండి, 'డాక్టర్‌కి ఫోన్ చేస్తా' అన్నారంటే ఎక్కినట్టు. ఎందుకంటే మూడు రోజుల్లో రెండు కిలోలంటే అది తిన్న తిండి కాదు, దాదాపు రెండు లీటర్ల నీరు ఒంట్లో నిలిచినట్టు.

అందుకే రోజూ పొద్దున్నే బాత్రూంకి వెళ్ళొచ్చాక, టిఫిన్‌కి ముందు, ఒకే రకం బట్టల్లో తూకం చూసుకోవాలి. మిషన్ మంచం పక్కన చాప మీద పెడితే తప్పు చూపిస్తుంది, గట్టి నేల మీదే ఉండాలి. వచ్చిన అంకె గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయించి, ఫోటో మీకు పంపమనండి.

ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు, అంటే సుమారు ఒక చిన్న చెంచా, అందులోనే ఆవకాయ, అప్పడం, ఎండు చేపలు, ఊరమిరపకాయ అన్నీ (మన భోజనంలో ఇది కష్టమే, నాకూ తెలుసు). తక్కువ సోడియం ఉప్పని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది, కొన్ని గుండె మాత్రలతో అది ప్రమాదం, అడగకుండా వాడొద్దు. మోకాళ్ళ నొప్పులకి షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా వద్దు, నీటిని పట్టి ఉంచేస్తాయి. మాటిమాటికీ బాత్రూం అని విసుక్కుని నీళ్ళ మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేది) ఆయనంతట ఆయన ఆపెయ్యకుండా మీ అమ్మగారికి చెప్పండి, ప్రయాణాలుంటే ఏ టైంలో వేసుకోవాలో డాక్టర్ని అడిగితే చెప్తారు.

మిషన్ కొనేటప్పుడు అంకెలు పెద్దగా కనపడేదే చూడండి, ఆయన కళ్ళజోడు వెతుక్కోకుండా చదవగలగాలి.