కాకటీల్ పిల్లకు తెల్లారినా తిత్తి ఖాళీ కావడం లేదు: సమాధానం

రాత్రి పెట్టిన మేత ఉదయానికీ మెడ కింది తిత్తిలో (మింగిన మేత ముందుగా చేరే సంచిలో) అలాగే ఉందని, మీ కాకటీల్ (చిన్న చిలుక జాతి పక్షి) పిల్ల వయసు రెండు వారాలని రాశారు. ముందు ఆ తిత్తి ఖాళీ అయ్యేదాకా కొత్త మేత పెట్టకండి. పాతదాని మీద కొత్తది పోస్తే లోపల పులిసిపోతుంది.

మేత గోరువెచ్చగా కలుపుతున్నానన్నారు. నా అనుమానం దాని మీదే. మన వేలికి గోరువెచ్చన అంటే పిల్లకు చల్లన. మేత 39 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 43 దాటితే తిత్తి లోపల కాలుతుంది. అందుకే వేలిని కాదు, థర్మామీటరును నమ్మండి. మైక్రోవేవ్ వద్దే వద్దు, గిన్నెలో ఒకచోట చల్లగా, ఇంకోచోట పొగలు కక్కుతూ ఉంటుంది. గిన్నెను వేడినీళ్లలో ఉంచి కలుపుతూ ఉండండి. పిల్ల ఉన్న పెట్టెలోనూ 30 డిగ్రీల వరకు వెచ్చదనం కావాలి. ఒళ్లు చల్లబడితే అరుగుదల ఆగిపోతుంది.

పసిపిల్లల పాలపొడి కలుపుతున్నారా? వెంటనే మానేయండి. పాలలోని చక్కెర పక్షులకు అరగదు.

ప్రస్తుతానికి మేతకు చెప్పినంత వేడి ఉన్న నీళ్లు ఒక మిల్లీలీటరు తాగించి, తిత్తిని వేలి కొసతో మెల్లగా నిమరండి. నొక్కితే మాత్రం మేత పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మధ్యాహ్నానికీ కదలకపోయినా, నోటి నుంచి పుల్లటి వాసన వచ్చినా పక్షులను చూసే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ పోయకండి.

కోలుకున్నాక రోజూ ఉదయం మొదటి మేతకు ముందు తూకం వేసి రాసుకోండి.