రాజీనామా కాగితం అప్పుడే ఇవ్వకు

అమ్మాయ్,

ఉత్తరం అందింది. లా కాలేజీ ఉద్యోగం వదిలేసి పార్టీలో ఫుల్‌టైమర్‌గా చేరతానన్నావు. "మీరూ అదే చేశారు కదా మాస్టారూ" అని ముందరికాళ్లకు బంధం కూడా వేశావు. చేశాను. ఎంత ఇబ్బంది పడి చేశానో నీకెవరూ చెప్పినట్టు లేదు.

2021 జనవరిలో విశాఖ స్టీల్‌ప్లాంటులో మొత్తం వాటా అమ్మేయాలని కేంద్రం నిర్ణయించింది. కూర్మన్నపాలెం శిబిరంలో నాకు మైకిచ్చారు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు ఊరుకుంటుందా? రాజ్యాంగం 39వ అధికరణంతో మొదలెట్టి ఆదేశిక సూత్రాలన్నీ ఏకరువు పెట్టాను. ఇరవై నిమిషాలకి ముందు వరస కుర్చీలు ఖాళీ. బి షిఫ్టుకి టైమైందిలే అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఒక నిర్వాసితుడు లేచాడు. "ప్లాంటుకి భూమిచ్చాం. ఉద్యోగం కోసమని నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు ఇంకా బీరువాలోనే ఉంది. రేపు ఇది అమ్మేస్తే, ఆ కార్డు పట్టుకుని ఎవరి దగ్గరికెళ్లాలి?" అన్నాడు. బస్సెక్కబోయినవాళ్లు కూడా వెనక్కొచ్చారు.

అందుకని ముందు ఆర్నెల్లు ఉద్యోగం చేస్తూనే, సెలవురోజుల్లో జనం కాగితాలు చదివిపెట్టు. నాకు చట్టం అర్థమైంది అరకు దారిలో అనంతగిరి వైపు ఒక అరుగు మీద. ఒకామె ప్లాస్టిక్ కవర్లోంచి నాలుగు మడతలు పెట్టిన పట్టా తీసి, "ఇది చెల్లుద్దా బాబూ?" అంది. మడతల దగ్గర చిరిగిపోయి సర్వే నంబరే కనపడదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్లకి పోకుండా చూసే 1/70 చట్టం గురించీ, బొర్రా గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు గురించీ చెప్పాను. గిరిజనేతరులకి భూమి ఇవ్వకూడదన్న నిబంధనలో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా అని కోర్టు అందన్నాను. "అయితే సర్కారోడు కూడా మనిషి కిందే లెక్కన్నమాట" అందామె. నా క్లాసులో ఒక్కరూ ఇంత బాగా చెప్పలేదు, నీతో సహా.

అమెరికాలో సెనేటర్ ఎలిజబెత్ వారెన్ కూడా మొదట లా ప్రొఫెసరే. దివాలా తీసేవాళ్లు మోసగాళ్లని రుజువు చేద్దామని 1980ల్లో కోర్టు ఫైళ్లు తిరగేస్తే, రోగాలు, ఉద్యోగాలు పోవడం, విడాకులు కనిపించాయట. సెనేట్‌కి గెలిచింది 2012లో, 63 ఏళ్లకి. (మన కామ్రేడ్లు ఆవిడను లెఫ్ట్ అంటే ఒప్పుకోరులే!) నీకేం తొందర?

ఇక డబ్బు సంగతి. పార్టీ ఇచ్చేది అలవెన్సు, జీతం కాదు. హోమ్‌లోను, అమ్మ మందులు లెక్క వేసుకుని ఇంట్లో తేల్చుకో. నేను తేల్చుకోలేదు. మీ అత్తయ్య గాజులు తాకట్టుకెళ్లాయి. ఒక దారుంది: ప్రాక్టీసు చేసే వకీలు రోజుకి మూడు గంటలు మించకుండా లా పాఠాలు చెప్పుకోవచ్చు. బార్ కౌన్సిల్ నిబంధనలు ఒకసారి చూడు.

వచ్చే ఆదివారం పొద్దున్నే అనంతగిరి వైపు వెళ్లడానికి కిరండూల్ పాసింజరు ఎక్కుదాం, స్టేషన్‌కి వచ్చెయ్. అక్కడి జనం భూమి పట్టాల్లో అక్షరాలు నా కళ్లకి ఆనడం లేదు. నువ్వు చదివితే నేను రాసుకుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు