నాలుగో వంతు ఏది?

చిరంజీవికి ఆశీస్సులు.

చిన్నపిల్లలకి భిన్నాలు చెప్పే నీ కథల పుస్తకం రాతప్రతి అందింది. చదువుతూ చదువుతూ ఆరో పేజీ దగ్గర ఆగిపోయాను. అక్కడ అక్క రిబ్బన్ని నాలుగు సమాన ముక్కలు చేసి తమ్ముడికి "నాలుగో వంతు" ఇస్తుంది. బొమ్మలో రంగు పడింది చివరి ముక్కకి. తర్వాతి పేజీలో "మూడో వంతు". అక్కడా మూడింటిలో ఆఖరిదానికే రంగు. బొమ్మ వేసినవాళ్లని ఏమీ అనను, నీ మాటే వాళ్ల చేత అలా వేయించింది.

ఏడెనిమిదేళ్ల పిల్లకి "వంతు" అనే మాట లెక్కల పుస్తకం కన్నా ముందే వచ్చు. ఉయ్యాల దగ్గర "ఇప్పుడు నా వంతు" అని పోట్లాడుతుంది. ఆ పిల్లకి మూడో వంతు అంటే ఇద్దరి తర్వాత వచ్చేది. మూడో బెంచీ, మూడో పేజీ, మూడో వంతు. వరసగా లెక్కపెట్టి మూడో గడికి రంగు వేస్తుంది. ఒక గడికే వేసింది కాబట్టి టిక్కు పడుతుంది, అపార్థం లోపలే ఉండిపోతుంది. అది బయటపడాలంటే నాలుగు గళ్లలో మొదటిదానికి రంగు వేసి "ఇది నాలుగో వంతేనా?" అని అడగాలి. "కాదు, ఇది ఒకటోది" అందంటే ఆ పిల్లకి భిన్నం ఇంకా అందలేదు. పన్నెండు గుండీలిచ్చి "మూడో వంతు తియ్యి" అంటే మూడు గుండీలు తీసేదీ ఈ పిల్లే. రావాల్సినవి నాలుగు.

అందుకే చెబుతున్నాను, చిన్నపిల్లల పుస్తకంలో "నాలుగో వంతు" అని రాయకు. "నాలుగింట ఒక వంతు" అని రాయి. మొత్తాన్ని ఎన్ని చేశామో ముందు, అందులో ఎన్ని తీసుకున్నామో తర్వాత. చేతులు చేసే పని కూడా అదే వరసలో సాగుతుంది. కొరియన్ భాషలోనూ హారమే, అంటే భిన్నంలో కింది అంకే, ముందు పలుకుతారు. "మూడు బై నాలుగు" అన్నప్పుడు పిల్ల చెవిన పడేవి రెండు విడి అంకెలు. విడి అంకెలైతే విడివిడిగానే కూడుతుంది: 1/2, 1/3 కలిపితే 2/5. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిందేమిటన్న అనుమానమే రాదు. 1978లో అమెరికాలో బడిపిల్లల చదువు మీద జరిగిన జాతీయ మదింపులో 13 ఏళ్లవాళ్లని 12/13, 7/8 కలిపితే సుమారు ఎంత అని అడిగి 1, 2, 19, 21లలో ఒకటి ఎంచుకోమన్నారు. రెండూ ఒకటికి దగ్గర్లో ఉన్నవే, జవాబు 2. అది చెప్పినవాళ్లు 24 శాతం. సగానికి పైగా 19 లేదా 21 అన్నారు.

గుర్తు రాసేటప్పుడు కూడా ఇదే వరస. "నాలుగింట" అంటూ కింద 4 రాయించు, దానిమీద గీత, "మూడు వంతులు" అంటూ పైన 3. నీ పుస్తకంలో మొదటి సగం దాకా ఆ గుర్తే రాకపోయినా నష్టం లేదు. సంపాదకులు ఒప్పుకోరు, "బై" అంటే పిల్లలకి అలవాటే కదండీ అంటారు.

వాళ్లకి గుండ్రటి బొమ్మల మీద ఉన్న మోజు ఇంకో తలనొప్పి. గుండ్రాన్ని రెండు, నాలుగు, ఎనిమిది చేయడం వరకు సరే, మూడో ఐదో చేయమను చూద్దాం. పెద్దవాళ్ల చేతికే కుదరదు. పైగా ఒక్కోటి నాలుగు భాగాలున్న రెండు గుండ్రాల్లో ఐదు భాగాలకి రంగు వేసి చూపిస్తే పిల్లలు 5/8 అంటారు. రావాల్సింది 5/4. ఒకటంటే ఏదో ఆ బొమ్మ చెప్పదు మరి.

నీ రిబ్బన్ ఆలోచన మంచిదే. దాన్ని కాగితపు పట్టీ చెయ్యి: పొడవు 24 సెంటీమీటర్లు, వెడల్పు 3. సగం 12, మూడింట ఒకటి 8, నాలుగింట ఒకటి 6, ఆరింట ఒకటి 4, ఎనిమిదింట ఒకటి 3 సెంటీమీటర్లు, ఎక్కడా దశాంశాల లెక్క రాదు. మామూలు నోటుపుస్తకం కాగితం చాలు, అట్ట అయితే మూడోసారి మడత పడదు. సగానికి మడిచి, మళ్లీ మడిచి, మూడోసారీ మడిచాక విప్పకుండా "ఎన్ని గళ్లు?" అని అడిగితే ఆరు అనే పిల్లలు చాలామంది ఉంటారు. విప్పితే ఎనిమిది. అప్పుడు కొందరు గళ్లు మానేసి మడత గీతలు లెక్కపెట్టి ఏడు అంటారు. రేపు సంఖ్యారేఖ మీద చేయబోయే తప్పు కూడా ఇదే, కాబట్టి ఇక్కడే గళ్లని వేలితో తట్టించాలి. మూడు భాగాలు మాత్రం ఇలా సగానికి మడుస్తూ పోతే రావు, 8, 16 సెంటీమీటర్ల దగ్గర ముందే చుక్కలు పెట్టి ఇవ్వు. ఒక పట్టీని మడవకుండా పక్కన ఉంచు. 5/4 వచ్చిన రోజు దాని చివర 6 సెంటీమీటర్ల ముక్క అంటిస్తే సరి.

ఇంకోటి. నీ బొమ్మలన్నీ సమానంగా కోసినవే. అలాంటప్పుడు సమానమా కాదా అని పిల్ల చూడనే చూడదు, ముక్కలు లెక్కపెట్టి ఊరుకుంటుంది. వంకరగా మూడు ముక్కలు చేసిన బొమ్మ ఒకటి పెట్టి "ఇది మూడింట ఒకటేనా?" అని అడుగు. పేజీ చాలదంటూ సంపాదకులు మొదట తీసేసేది ఈ బొమ్మనే, పట్టు వదలకు.

ఇక "నాకు ఎనిమిదింట ఒకటే కావాలి, నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కదా" అని తమ్ముడు మారాం చేసే చోటు. అక్కడ నవ్వొచ్చింది, జాలీ వేసింది. మరుపేజీలోనే మాస్టారిని దింపి "హారం పెరిగితే భిన్నం తగ్గుతుంది" అనిపించి దాన్ని చెడగొట్టావు. ఆ సూత్రం రెండు భిన్నాల్లో లవం, అంటే పై అంకె, సమానమైనప్పుడే చెల్లుతుంది. 2/3, 7/8 పక్కపక్కన పెట్టి చూడు, హారం పెద్దదైనా 7/8 పెద్దది. సూత్రం బట్టీ పట్టిన పిల్ల 2/3 అంటుంది.

మాస్టారిని తీసెయ్. అక్క వాడడిగిందే ఇవ్వాలి, 3 సెంటీమీటర్ల ముక్క. తన చేతిలో 6 సెంటీమీటర్లది. రెండూ ఒకే పొడవు పట్టీల్లోంచి కత్తిరించినవని బొమ్మలో కనపడాలి, లేకపోతే పోలికే చెల్లదు. వాడు తన ముక్కని అక్క ముక్క మీద పెట్టి చూసుకుంటాడు. ఆ పేజీలో మాటలు వద్దు.

ఎవరికి పంపాలని అడిగావు, పాటలు కలపమంటారా అనీ అడిగావు. ముందు ఆ రెండు పేజీలు తిరగరాసి పంపు.