ఒకటో తారీఖున పేజీ తిప్పితే

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. అందులో ఇరవై నిమిషాలు ఏడుపే. హైదరాబాదులో ఉద్యోగం మానేస్తున్నావట, గుంటూరు బ్రాడీపేటలో గది చూసుకున్నావట, సొంతంగా ట్యాక్స్ ప్రాక్టీసు పెడతావట. "మేనమామ పోలికే వచ్చింది, నువ్వే చెప్పరా దానికి" అంది. ముహూర్తం ఎప్పుడో కనుక్కో అక్కా అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశానన్న మాటే గానీ నాకూ నిద్ర పట్టలేదు. రెండున్నరకి మీ అత్త లేచి, ఆ ముసిముసి నవ్వులేంటి, మధ్యలో ఆ నిట్టూర్పులేంటి అని అడిగింది.

మీ అమ్మ భయం డబ్బు గురించి. నాకు ఆ బెంగ లేదు, నీకు పార్టీలు, అదే పన్ను పనులు చేయించుకునే క్లయింట్లు, వస్తారు. నా భయం వేరే. పోయిన వారం నువ్వు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టావు. "పనుల లిస్టు, క్యాలెండర్ రెండూ ఒకే యాప్‌లోకి తెచ్చేశాను మామయ్యా, ఇక నీలాగా ఎర్రట్ట పుస్తకాలు మోయక్కర్లేదు" అని. ఆ ఫొటోలో 20వ తేదీ గడి చూశావా? నాలుగు పార్టీల పేర్లు, వాటి కింద చిన్న అక్షరాల్లో "ఇంకా 21". ఆ 21 మందీ ఎవరో చూడాలంటే దాని మీద నొక్కాలి. నొక్కని రోజు ఒకటి వస్తుంది తల్లీ.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. టీడీఎస్, అంటే చెల్లింపుల్లో ముందే పట్టుకున్న పన్ను, కట్టడం 7వ తేదీ, అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 నెల నెలా వేసేవాళ్ళకి 11, జీఎస్టీ కట్టే రిటర్ను 3బి 20, అదే మూడు నెలలకోసారి వేసే చిన్న పార్టీలకి మన రాష్ట్రంలో 22. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. నెల నెలా వాటంతటవే వచ్చేలా పెట్టుకుంటావు, అదీ తెలుసు. ఒక్క మెలిక మాత్రం చూసుకో. నువ్వు వాడే టుడూయిస్ట్ యాప్‌లో "ఎవ్రీ" అని పెడితే అసలు తేదీ నుంచి లెక్కేస్తుంది. పక్కన ఆశ్చర్యార్థకం పెట్టావనుకో, నువ్వు పూర్తిచేసిన రోజు నుంచి లెక్కేస్తుంది. 7న కట్టాల్సింది ఒక నెల 9న కట్టి టిక్కు పెడితే, పై నెల కూడా 9నే గుర్తుచేస్తుంది. ఏసీ సర్వీసింగుకి అది బాగుంటుంది, గవర్నమెంటు గడువులకి కాదు. ఇంకోటి, తేదీ వేయని పని క్యాలెండర్లో కనపడదు. గూగుల్ టాస్క్స్‌లోనూ అంతే. లిస్టులో రాశాం కదా అని నువ్వు ధీమాగా ఉంటావు, క్యాలెండర్ ఖాళీగా నవ్వుతూ ఉంటుంది.

ఇక అసలు విషయం. ఇది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2016. బెజవాడ గవర్నర్‌పేటలో నా ఆఫీసు. అప్పటికి నూటపది మంది పార్టీలు, ఇద్దరు గుమాస్తాలు. పనులన్నీ ఎర్రట్ట పుస్తకంలో, తేదీలన్నీ గోడ మీద వెంకట్రామా క్యాలెండర్లో, ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి. గుంటూరు వైపు ఒక పత్తి జిన్నింగ్ మిల్లు ఆయన ఉండేవాడు, పద్దెనిమిదేళ్ళుగా నా దగ్గరే. ఆయనకి వ్యాట్ (జీఎస్టీకి ముందున్న అమ్మకపు పన్ను) ఇంత కట్టాలని అసెస్‌మెంటు ఆర్డరు వచ్చింది. చేతికి అందింది ఆగస్టు 3న. అప్పీలుకి 30 రోజులు, అంటే సెప్టెంబరు 2. ఉత్త కాగితాలు పట్టుకెళితే అప్పీలు తీసుకోరు, వివాదంలో ఉన్న పన్నులో 12.5 శాతం ముందు కట్టిన రుజువు కావాలి. పుస్తకంలో "మిల్లు అప్పీలు" అని రెండే మాటలు రాశాను. క్యాలెండర్లో సెప్టెంబరు పేజీ ఎత్తి 2 చుట్టూ సున్నా చుట్టి, మళ్ళీ ఆగస్టు పేజీ దించాను.

ఆగస్టు 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలు. నీకూ గుర్తుండే ఉంటుంది, మీ నాన్న తరఫు వాళ్ళు కూడా మా డాబా మీదే పడుకున్నారు. గుమాస్తాల్లో ఒకడు వాళ్ళ ఊరివాళ్ళని దుర్గా ఘాట్‌కి తిప్పడానికే సరిపోయాడు. నేనూ ఆఫీసుకి వెళ్ళింది తక్కువ, కాఫీలు మోసింది ఎక్కువ. పుష్కరాలయ్యాక వెనకపడ్డ పనుల మీద పడ్డాం. రోజూ పొద్దున్నే గోడ వైపు చూసేవాణ్ణి. ఆగస్టులో ఉన్న సున్నాలన్నీ ఒక్కొక్కటే కొట్టేశాం. 31 రాత్రి, నెల గట్టెక్కిందని పునుగులు తెప్పించుకుని తిన్నాను కూడా.

ఒకటో తారీఖు పొద్దున్న పేజీ తిప్పాను. మర్నాటి తేదీ చుట్టూ సున్నా.

మిల్లు ఆయనకి ఫోన్ చేస్తే ఆదోనిలో ఉన్నాడు. రాత్రికి వచ్చాడు పాపం. ఆయనకి నెట్ బ్యాంకింగ్ లేదు, డీడీ తీయాలి. సెప్టెంబరు 2న దేశమంతా కార్మిక సంఘాల సార్వత్రిక సమ్మె. ఆయన ఖాతా ఉన్న బ్యాంకు షట్టర్ దించి ఉంది. దాని ఎదురుగా ఆయన స్కూటర్ మీద, నేను మెట్టు మీద, పదకొండున్నర దాకా కూర్చున్నాం, ఎవరైనా వచ్చి తెరుస్తారేమో అని. శనివారం డీడీ తీశాం. ఆదివారం సెలవు, సోమవారం వినాయక చవితి. 6వ తేదీన అప్పీలు, దానితోపాటు ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్.

ఆ పిటిషన్‌లో కారణం రాయాలి కదా. సమ్మె అని రాశాను. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ఆయన నా పక్కనే కూర్చుని చదివాడు. చదివి, అరవలేదు. "సమ్మె సంగతి సరే గురువుగారూ, ఆగస్టు ఏమైంది?" అన్నాడు.

అప్పీలు తీసుకున్నారు, ఆ కేసుకి నష్టమేమీ జరగలేదు. దసరా వెళ్ళాక ఆయన కొడుకు వచ్చి ఫైళ్ళన్నీ రెండు సంచుల్లో సర్దుకుని పట్టుకెళ్ళాడు. నేను టీ తాగి వెళ్ళమన్నాను. తాగాడు.

లిస్టూ తేదీలూ ఒకేచోట ఉంటే అలా జరిగేది కాదని చాన్నాళ్ళు అనుకున్నాను. 2018లో మనవడి చేత యాప్ పెట్టించుకుని, పట్టుబట్టి నేర్చుకున్నాను. నేర్చుకున్న రెండో నెలలోనే మళ్ళీ అదే తప్పు చేయబోయాను. ఎందుకంటే ప్రతి పనికీ వేసిన తేదీ దాని ఆఖరి తేదీయే. యాప్ ఆ రోజు పొద్దున్న ఠంచనుగా గుర్తుచేస్తుంది, దాని తప్పేం లేదు. కానీ ఆ రోజు బ్యాంకు మూసి ఉండొచ్చు.

అందుకని "మిల్లు అప్పీలు" అని ఒక్క పనిగా రాయకు. ఆర్డరు చదవడం ఒక పని, 12.5 శాతం ఎంతో పార్టీకి చెప్పడం ఒక పని, డబ్బు కట్టించడం, గ్రౌండ్స్, అంటే అప్పీలుకి కారణాలు, రాయడం, సంతకం తీసుకోవడం, ఇలా విడగొట్టు. ఒక్కోదానికీ నువ్వు కూర్చుని చేసే రోజు వెయ్యి. ఆఖరి తేదీని డెడ్‌లైన్ అని విడిగా ఉన్న గడిలో పెట్టు. గడువు వాళ్ళది, రోజు నీది. ఈ రెంటినీ ఒకే గడిలో కుక్కకు.

అలా వేసుకుంటే క్యాలెండర్ నీకో లెక్క చెబుతుంది, లిస్టు ఎప్పటికీ చెప్పని లెక్క. కొనుగోళ్ళ మీద ఎంత జీఎస్టీ క్రెడిట్ వస్తుందో చూపించే 2బి వచ్చేది 14న. 3బి గడువు 20. నీకు 25 మంది పార్టీలు, కొనుగోలు బిల్లులు సరిచూసి ఒక్కోటి వేయడానికి రెండు గంటలనుకో, 50 గంటలు. 15 నుంచి 20 దాకా ఆరు రోజులు, మధ్యలో ఆదివారం తీసేస్తే ఐదు. రోజుకి పది గంటలు, తిండి, ఫోన్లు, "మేడమ్ ఒక్క బిల్లు మర్చిపోయా" అని గుమ్మంలో నిలబడేవాళ్ళు కాకుండా. లిస్టులో 25 పేర్లు ఒక స్క్రీన్‌లో ముద్దుగా కనిపిస్తాయి. వాటినే గంటల లెక్కన రోజుల్లో పరిచి చూడు, ఐదో రోజు దాటి బయటికి వేలాడతాయి. అప్పుడు 10వ తేదీకే పార్టీలకి ఫోన్లు చేసి బిల్లులు ముందే తెప్పించుకుంటావు. లేదా ఇరవయ్యారో పార్టీని వద్దంటావు. వద్దనడం నాకు చేతకాలేదు, నువ్వైనా నేర్చుకో.

నెల వ్యూ మాత్రం చూడకు అని కాళ్ళు పట్టుకుని చెబుతున్నాను. షెడ్యూల్ వ్యూ అని ఉంటుంది, అందులో రోజులు ఒకదాని కింద ఒకటి వరసగా వస్తాయి, 31 తర్వాత వెంటనే 1 కనపడుతుంది. అందులో పదిహేను రోజులు ముందుకి జరిపి చూడటం రోజూ పొద్దున్నే కాఫీతోపాటు చెయ్యి. ఇంకో యాప్ క్యాలెండర్‌ని లింకుతో గూగుల్ క్యాలెండర్లోకి తెచ్చుకుంటే అది ఒకవైపే నడుస్తుంది, ఇక్కడ మారిస్తే అక్కడ మారదు, అక్కడ మార్చింది ఇక్కడికి రావడానికి గంటలు పట్టొచ్చు. రెండుచోట్లా రెండు తేదీలు పెట్టుకుని ఏది నిజమో వెతుక్కోకు. ప్రతి సోమవారం ఆ వారం పేజీ ఒకటి ప్రింటు తీసి గోడకి అంటించు. ముసలాడి చాదస్తం అనుకో, పర్లేదు, అంటించు.

చివరగా ఒకటి. నీ ఓణీల ఫంక్షన్. ఆ ఏడు శ్రావణం జులై నెలాఖర్లోనే వచ్చింది, ఫంక్షన్ 30న. మర్నాడు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల గడువు. ఓణీ తేవాల్సింది నేను. అది నాకు గుర్తు లేక కాదు. గోడ మీద ఆ గడి ఖాళీగా కనిపించింది, అడిగిన ప్రతి పార్టీకీ మధ్యాహ్నం రమ్మన్నాను. సొంత పనులకి సున్నా చుట్టే అలవాటే లేదు నాకు. నేను వచ్చేసరికి నువ్వు పీట మీద కూర్చుని కూర్చుని నిద్రపోయి ఉన్నావు, నలుగు పిండి చెంప మీద ఎండిపోయింది. ఎవరూ నన్ను ఒక్క మాటా అనలేదు. నువ్వు లేచి, మామయ్యా నా ఓణీ ఏ రంగు అని అడిగావు.

నీ క్యాలెండర్లో ఒంటిగంట నుంచి రెండు దాకా భోజనం అని రాసి పెట్టు. అమ్మని చూడటానికి వెళ్ళే ఆదివారాలు కూడా పెట్టు. పార్టీ ఫోన్ చేసి ఆ టైము అడిగితే, ఖాళీ లేదని చెప్పడానికి అక్కడ ఏదో ఒకటి రాసి ఉండాలి కదా.

ఆఫీసు ఓపెనింగ్ ముహూర్తం ఉదయం 7:20 అని ఇందాకే మీ అమ్మ మెసేజ్ పెట్టింది. బెజవాడ నుంచి గుంటూరు గంట ప్రయాణమే. అయినా ముందురోజు సాయంత్రం నాలుగింటికి "బయల్దేరాలి" అని నా ఫోన్లో విడిగా ఒక పని పెట్టుకున్నాను. దానికి ముందురోజు ఇంకోటి ఉంది: "పట్టుచీర, ఆకుపచ్చ, బుజ్జికి". ఆకుపచ్చ కాదంటే ఈలోపే చెప్పు.

మీ మామయ్య